ట్రావెలర్ వ్యానును క్యాంపర్‌గా మారుస్తుంటే కరెంటు పని ఎలా చెయ్యాలి: బ్యాటరీ, సోలార్, వైర్లు, ఫ్యూజులు

మీరు అడిగినవి నాలుగు. బీఎస్6 ఫోర్స్ ట్రావెలర్ 3350ని ఇద్దరు పడుకునే క్యాంపర్‌గా మారుస్తున్నారు. 40 లీటర్ల 12 వోల్టుల ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, నీళ్ల పంపు, రోజూ కాసేపు మిక్సీ నడవాలి. ఇంట్లో ఖాళీగా పడున్న 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టెయ్యొచ్చా? సోలార్ ఎంత కావాలి? బండి బ్యాటరీ నుంచి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి నేరుగా వైరు లాగితే చాలని ఆటో ఎలక్ట్రీషియన్ అన్న మాట నిజమేనా? ఇల్లు కట్టినప్పుడు మిగిలిన వైరు చుట్టలు వాడొచ్చా? సోలార్ సంగతి లెక్క వేస్తే తేలుతుంది. మిగతా మూడింటికీ జవాబు ఒక్కటే, వద్దు.

ట్యూబులర్ బ్యాటరీ ఇంట్లో ఒక మూల కదలకుండా కూర్చుని పనిచేసే సరుకు. యాసిడ్ నిండుగా ఉన్న 150 ఏహెచ్ బ్యాటరీ 55–60 కిలోలు తూగుతుంది. కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉన్నా, సగం కన్నా కిందికి తోడుతుంటే త్వరగా పాడవుతుంది, అంటే చేతికొచ్చేది 900. ఘాట్ రోడ్డు మలుపుల్లో మూతల దగ్గర యాసిడ్ చిమ్ముతుంది. చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, మీరు పడుకునేది దాని మీద వేసిన మంచం మీదే. ఇవన్నీ సర్దుకున్నా 15 ఆంపుల కన్నా వేగంగా చార్జింగ్ తీసుకోదు, చివరి 20 శాతం నిండడానికి గంటలు పడుతుంది. ప్రయాణంలో మీ దగ్గర లేనిది ఆ గంటలే. దాన్ని ఇంట్లోనే ఉంచండి. క్యాంపర్‌కి లిథియం ఐరన్ ఫాస్ఫేట్, బజారు భాషలో ఎల్ఎఫ్‌పీ, తీసుకోండి. 12.8 వోల్టుల 100 ఏహెచ్ ఎల్ఎఫ్‌పీ 12 కిలోల దరిదాపుల్లో ఉండి, 80 శాతం తోడినా వెయ్యి వాట్ అవర్లు ఇస్తుంది.

ఎంత బ్యాటరీ కావాలో మీ రోజు వాడకమే చెబుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుంది. మన ఎండల్లో రోజులో సగం సేపు నడుస్తుందనుకోండి, 540 వాట్ అవర్లు. కంపెనీ కాగితంలో ఇంతకన్నా బాగా తక్కువ కనిపిస్తుంది, అది చల్లటి గదిలో కొలిచిన అంకె. 15 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 300. లైట్లకు 60, ల్యాప్‌టాప్‌లకు 150, ఫోన్లకు 40, పంపుకు 10, మిక్సీ ఆరు నిమిషాలు తిరిగితే 50. మొత్తం 1150. వైర్లలో, ఇన్వర్టర్‌లో పోయేది 15 శాతం కలిపితే సుమారు 1320.

200 ఏహెచ్ ఎల్ఎఫ్‌పీలో 2560 ఉంటాయి. 80 శాతం వాడితే 2050, అంటే ఎండ లేకున్నా, బండి కదలకున్నా ఒకటిన్నర రోజు గడుస్తుంది. మీ వాడకానికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఇండక్షన్ పొయ్యి ఈ జాబితాలో లేకపోవడం మంచిదైంది. అరగంట వంటకే 600 పోతుంది, పైగా అది పెడితే ఇన్వర్టరు, కేబుళ్లు, బీఎంఎస్ (లిథియం బ్యాటరీ లోపల ఉండే రక్షణ సర్క్యూట్) అన్నీ రెట్టింపు చెయ్యాలి. గ్యాస్ మీద వండుకోండి. ముప్పావు టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటల పాటు సగటున 500 వాట్లు తీసుకున్నా 4000 వాట్ అవర్లు కావాలి, ఈ బ్యాటరీ అర్ధరాత్రికే చేతులెత్తేస్తుంది. మే నెలలో ఏసీ లేనిదే కుదరదంటే దాని లెక్క పూర్తిగా వేరు, దీనికి అతికించేది కాదు.

బ్యాటరీ కొనేటప్పుడు ఏహెచ్ అంకె ఒక్కటే చూడకండి. లోపలి బీఎంఎస్ ఆగకుండా ఎన్ని ఆంపులు ఇవ్వగలదో అడగండి, మీకు కనీసం 150 కావాలి. సున్నా డిగ్రీల కింద చార్జింగ్‌ను అది ఆపుతుందో లేదో అడగండి. స్పితి, లద్దాఖ్ వైపు వెళ్లే ఉద్దేశం ఉంటే ఇది తప్పనిసరి, ఎందుకంటే గడ్డకట్టే చలిలో చార్జ్ చేస్తే సెల్లు లోపల లోహపు లిథియం పేరుకుని సెల్లు శాశ్వతంగా దెబ్బతింటుంది. వాడుకోవడానికి మాత్రం ఆ చలి అడ్డు కాదు. ఇంటికి తెచ్చాక పూర్తిగా నింపి, 20 ఆంపుల లోడు పెట్టి గడియారం చూడండి. 200 ఏహెచ్ అయితే పది గంటలు రావాలి. ఏడు గంటలకే ఆగిపోతే అది 140 ఏహెచ్ బ్యాటరీ, లేబుల్ ఏం చెప్పినా సరే. ఈ పరీక్ష వ్యానులో బిగించాక కాదు, దుకాణంవాడు తిరిగి తీసుకునే గడువులోనే చెయ్యండి.

మన దగ్గర బ్యాటరీకి అసలు శత్రువు ఎండ. తలుపులు మూసి ఎండలో నిలిపిన వ్యాను లోపల మేలో 55 డిగ్రీలు దాటడం వింత కాదు. ఎల్ఎఫ్‌పీకి ఎక్కువ కంపెనీలు పెట్టే చార్జింగ్ హద్దు 45–55 డిగ్రీల మధ్య. అందుకే బ్యాటరీని ఇంజిన్ వైపు గోడకు గానీ, ఎండ పడే వెనక తలుపుకు గానీ ఆనించకండి. మంచం కింద, నేలకు దగ్గరగా, చుట్టూ రెండు వేళ్ల ఖాళీ వదిలి, అడుగున ఇనుప పట్టీతో ఛాసిస్‌కి బోల్టు చెయ్యండి. పాతిక కిలోల వస్తువు సడన్ బ్రేకు వేసినప్పుడు మీ వీపు వైపు వస్తుంది, తాడుతో కట్టడం చాలదు. గ్యాస్ సిలిండరు ఉన్న అరలో బ్యాటరీ, రిలే, ఫ్యూజు ఏదీ పెట్టకండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, అడుగున చేరి నిప్పురవ్వ కోసం చూస్తుంటుంది.

సోలార్ లెక్కకు వద్దాం. తెలుగు నేల మీద ఏడాది సగటున రోజుకు ఐదు గంటల పూర్తి ఎండ దొరుకుతుందని వేసుకోవచ్చు. వ్యాను మీద ప్యానెల్ వాలుగా కాక బల్లపరుపుగా ఉంటుంది, దుమ్ము పడుతుంది, వేడెక్కుతుంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన మధ్యాహ్నాల్లో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరుతుంది, డిగ్రీకి దాదాపు 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే పోతుంది. అన్నీ కలిపి 65 శాతమే చేతికి వస్తుందనుకుంటే 400 వాట్ల ప్యానెళ్లు రోజుకు 1300 ఇస్తాయి. మీ వాడకం 1320. అంటే 400 వాట్లు చాలు, జులై–ఆగస్టు ముసురుల్లో మాత్రం ఇందులో సగం మీద ఆశ పెట్టుకోండి. ప్యానెల్ కింద మూడు నాలుగు సెంటీమీటర్ల గాలి సందు వదిలితే వేడి తగ్గి, ఖర్చు లేకుండా కొన్ని వాట్లు దక్కుతాయి. రూఫుకి అతికించే వంగే ప్యానెళ్లు అందుకే వద్దంటాను, కింద గాలి ఆడక మాడిపోతాయి.

200 వాట్ల ప్యానెళ్లు రెండు తీసుకుంటే సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ని రెండోదాని మైనస్‌కి, కలపండి. ఒక్కొక్కటి పనిచేసే వోల్టేజ్ 20 దగ్గర, ఎండలో వేడెక్కితే 17.5కి దిగుతుంది. ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గ వోల్టేజ్‌కి మార్చే ఎంపీపీటీ కంట్రోలర్లలో చాలావాటికి మొదలవ్వడానికి బ్యాటరీ కన్నా 5 వోల్టులు ఎక్కువ కావాలి. పారలల్‌లో, అంటే ప్లస్‌లు ఒకటిగా, మైనస్‌లు ఒకటిగా కలిపితే, పొద్దునా సాయంత్రం ఎండ పలచగా ఉన్నప్పుడు అంత వోల్టేజ్ అందక కంట్రోలర్ నిద్రపోవచ్చు. సిరీస్‌లో 35–40 వస్తుంది కాబట్టి ఆ బాధ లేదు. వైరులో నష్టం కూడా తగ్గుతుంది, దాని లెక్క కింద చెబుతాను. ఏ లోడూ లేనప్పుడు ప్యానెళ్లు చూపే ఖాళీ వోల్టేజ్ రెండూ కలిపి 48, గడ్డకట్టే చలిలో 54 దాకా పెరుగుతుంది. 100 వోల్టులు, 30 ఆంపుల ఎంపీపీటీకి అది సులువు. రూఫు మీద ఒక ప్యానెల్‌పై ఎప్పుడూ నీడ పడేలా సామాను క్యారియర్ ఉంటే మాత్రం ముందు ఆ క్యారియర్‌నే జరపండి.

ఇళ్ల మీద పెట్టే 540 వాట్ల ప్యానెల్ ఒక్కటి వేసుకోవచ్చా అని చాలామందికి అనుమానం. వేసుకోవచ్చు. వాటుకు ధర తక్కువ, వోల్టేజ్ 41 ఉండి ఎంపీపీటీకి నప్పుతుంది. కానీ అది 2278 మిల్లీమీటర్ల పొడవు, 1134 వెడల్పు, 28 కిలోల అద్దపు పలక. రూఫు వణుకుడుకి పగలకుండా పొడవునా రెండు పట్టాలు, ఆరు చోట్ల క్లాంపులు కావాలి. నాలుగు మూలల బ్రాకెట్లతో సరిపెడితే గుంతల రోడ్డు మీద మధ్యలో సన్నటి పగుళ్లు పట్టి, పైకి కనిపించకుండానే ఉత్పత్తి పడిపోతుంది. రూఫులో రంధ్రం పెట్టిన ప్రతిచోటా పాలీయురేథేన్ సీలెంట్ వాడండి. బాత్‌రూమ్ సిలికాన్ పెయింటు మీద ఒక వానాకాలం నిలవదు.

ఇక బండి బ్యాటరీ నుంచి రిలే. పాత బండ్లలో, లెడ్ యాసిడ్ బ్యాటరీలతో ఆ పద్ధతి నడిచింది. చాలా బీఎస్6 బండ్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు చేసేది) బండి కంప్యూటర్ ఈసీయూ చెప్పినట్టు వింటుంది. స్టార్టింగ్ బ్యాటరీ నిండగానే డీజిల్ ఆదా కోసం వోల్టేజ్ దించేస్తుంది. ఎల్ఎఫ్‌పీ చార్జింగూ లోడూ ఏదీ లేకుండా ఊరికే కూర్చున్నా 13.2 దగ్గర ఉంటుంది కాబట్టి, ఆ సమయంలో కరెంటు మీ బ్యాటరీ నుంచే బండి వైపు ఎదురు పారవచ్చు. బ్యాటరీ ఖాళీగా ఉంటే దానికి వ్యతిరేకం జరుగుతుంది. ఎల్ఎఫ్‌పీ లోపలి నిరోధం చాలా తక్కువ, ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినదంతా లాగేస్తుంది. ట్రాఫిక్‌లో ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండి ఫ్యాను మెల్లగా తిరిగే వేళ ఆల్టర్నేటర్ కాలిపోయేది ఇలాగే. ఇంకో ప్రమాదం ఉంది. నిండుగా చార్జ్ అవుతున్నప్పుడు బీఎంఎస్ హఠాత్తుగా కట్ చేస్తే ఒక్కసారి వోల్టేజ్ ఎగిసి ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి, ఒక్కోసారి బండి ఎలక్ట్రానిక్స్ కూడా.

అందుకే మధ్యలో 30 ఆంపుల డీసీ–డీసీ చార్జర్ పెట్టాలి. అది ఎంత లాగాలో అంతే లాగుతుంది, ఎల్ఎఫ్‌పీకి కావలసిన 14.2–14.4 వోల్టులు తానే తయారుచేస్తుంది. గంటకు 400 వాట్ అవర్లు వేసుకోండి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం చేరేలోపు మీ ఒక రోజు వాడకం బ్యాటరీలో ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడే అది పనిచేసేలా ఇగ్నిషన్ సిగ్నల్ వైరు (తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చేది) తప్పక కలపండి. లేకపోతే రాత్రంతా స్టార్టింగ్ బ్యాటరీని తోడుతుంది, పొద్దున బండి నెట్టుకోవాలి. ఇదంతా 12 వోల్టుల బండికి వేసిన లెక్క. రెండు బ్యాటరీలు సిరీస్‌లో ఉన్న 24 వోల్టుల బండ్లకు 24 నుంచి 12కి మార్చే చార్జర్ వేరే ఉంటుంది.

బండి నెగెటివ్ ఎక్కడ కలుపుతున్నారో చూసుకోండి. స్టార్టింగ్ బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సరు ఉంటే మీ వైరు ఆ టెర్మినల్‌కి కాదు, ఛాసిస్ బోల్టుకి వెళ్లాలి. నేరుగా టెర్మినల్‌కి కలిపితే మీరు లాగే కరెంటు సెన్సరు కంట పడదు, ఈసీయూ లెక్క తప్పుతుంది.

వైర్ల దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగుదాం, ఎందుకంటే ఈ పనిలో డబ్బంతా బ్యాటరీకి పోతుంది, తప్పులన్నీ ఇక్కడ దొర్లుతాయి. ఇంటి చుట్టలో మిగిలినది గట్టి తీగ అయితే వ్యానులోకి రానివ్వకండి, వణుకుడుకి స్క్రూ దగ్గర విరుగుతుంది. సన్నటి తీగలు చాలా ఉన్న ఫ్లెక్సిబుల్ రాగి వైరే కావాలి. దుకాణంలో 3/20, 7/20 అని పాత లెక్కలో ఇస్తే ఒప్పుకోకుండా స్క్వేర్ ఎంఎం లోనే అడగండి. కొనే ముందు ఒక కొస చెక్కి తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. చవగ్గా దొరికే జంపర్ కేబుళ్లు చాలావరకు అదే సరుకు.

మందం లెక్క ఇది. వైరు ఒకవైపు పొడవు మీటర్లలో, దాన్ని 2తో, ఆంపులతో, 0.0175తో గుణించి, స్క్వేర్ ఎంఎంతో భాగిస్తే ఎన్ని వోల్టులు దారిలో పోతాయో వస్తుంది. మీ ఫ్రిజ్ 5 మీటర్ల దూరంలో ఉండి, ఎక్కువలో ఎక్కువ 5 ఆంపులు లాగుతుందనుకోండి. 1.5 వైరు వేస్తే 0.58 వోల్టులు పోతాయి, అంటే దాదాపు 5 శాతం. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే 0.22. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో ఆంపులు ఎగిసి వోల్టేజ్ ఇంకా పడుతుంది. బ్యాటరీ అయిపోయిందనుకుని ఫ్రిజ్ ఆగిపోతుంది. తెల్లవారుజామున ఫ్రిజ్ ఆగిపోతోంది, బ్యాటరీలో ఇంకా 40 శాతం ఉంది అని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బ్యాటరీవి కావు, సన్నటి వైరువి. ఫ్రిజ్‌లో బ్యాటరీ రక్షణకు మూడు మెట్లు ఉంటే కింది మెట్టు పెట్టండి. పైమెట్టు ఉద్దేశం కారు స్టార్టింగ్ బ్యాటరీని కాపాడడం.

అదే లెక్క సోలార్‌కి వేసి చూడండి. 6 మీటర్ల 4 స్క్వేర్ ఎంఎం సోలార్ కేబుల్‌లో సిరీస్ ప్యానెళ్ల నుంచి 10 ఆంపులు 40 వోల్టుల మీద వస్తే పోయేది 0.5 వోల్టు, ఒక శాతం చిల్లర. పారలల్‌లో 20 ఆంపులు 20 వోల్టుల మీద వస్తే 1 వోల్టు పైనే, 5 శాతం. డీసీ–డీసీ చార్జర్‌కి బండి బ్యాటరీ నుంచి 6 మీటర్లు, 35 ఆంపులు, 16 స్క్వేర్ ఎంఎం అనుకుంటే 0.46 పోతుంది. చార్జర్ దాన్ని సర్దుకుంటుంది గనుక పర్లేదు. 10 వేస్తే పడిపోయిన వోల్టేజ్ చూసి చార్జర్ ఆన్, ఆఫ్ అవుతూ ఆడుకోవచ్చు. ఇన్వర్టర్‌కి 35 స్క్వేర్ ఎంఎం, బ్యాటరీ నుంచి బస్‌బార్ (వైర్లన్నీ కలిసే రాగి పట్టీ) దాకా 50, పంపు, యూఎస్‌బీ సాకెట్లకు 2.5, లైట్లు, ఫ్యాన్లకు 1.5. ప్రతి లోడుకీ పాజిటివ్, నెగెటివ్ రెండు వైర్లూ లాగండి. నెగెటివ్‌కి బాడీ ఉందిగా అని రేకుకి స్క్రూ వేస్తే ఒక వానాకాలానికి తుప్పు పట్టి లైట్లు మినుకుమంటాయి. మొత్తం వ్యవస్థ ఛాసిస్‌కి కలిసేది నెగెటివ్ బస్‌బార్ నుంచి ఒక్క చోటే.

రేకులో రంధ్రం గుండా వెళ్లే ప్రతి వైరుకీ రబ్బరు గ్రోమెట్, మిగతా దారంతా మడతల ప్లాస్టిక్ గొట్టం, జానెడు జానెడున్నరకి ఒక క్లిప్పు. ప్లైవుడ్ బిగించాక స్క్రూ దిగే దారిలో వైరు లేకుండా, బిగించక ముందే గోడల ఫొటోలు తీసి పెట్టుకోండి.

లగ్గులు, అంటే బోల్టుకి బిగించడానికి వైరు కొసన తొడిగే రింగులు. 10 స్క్వేర్ ఎంఎం దాటినవాటికి వాటిని నొక్కి బిగించే హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ కావాలి. కొనక్కర్లేదు, ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోండి, లేదా కొలతలు తీసుకెళ్లి ప్యానెల్ బోర్డులు చేసే షాపులో కొట్టించండి. సుత్తితో కొట్టిన లగ్గు ఆ రోజుకి పట్టుకున్నట్టే ఉంటుంది. నెల తర్వాత తీగల మధ్య గాలి దూరి, నల్లబడి, వేడెక్కడం మొదలవుతుంది. టంకం పోస్తే ఇంకా మంచిదని కొందరంటారు. వ్యానులో కాదు. సీసం తీగల్లోకి పాకి వైరు బిరుసెక్కుతుంది, ఆ బిరుసు ఆగిన చోటే వణుకుడుకి విరుగుతుంది. బిగించేటప్పుడు లగ్గు నేరుగా బస్‌బార్ రాగిని తాకాలి. వాషరు, స్ప్రింగు వాషరు, నట్టు ఆ పైన. లగ్గుకీ బస్‌బార్‌కీ మధ్యలో స్టీలు వాషరు పెట్టడం అతి మామూలుగా కనిపించే తప్పు. 90 ఆంపులు స్టీలు గుండా పోవాల్సి వచ్చి ఆ బోల్టు చుట్టూ ప్లాస్టిక్ కరుగుతుంది.

ఫ్యూజు ఉపకరణాన్ని కాపాడదు, వైరును కాపాడుతుంది. దాని అంకె వైరు మోయగల ఆంపుల కన్నా తక్కువ, లోడు కన్నా ఎక్కువ ఉండాలి, వైరుకి కరెంటు వచ్చే కొసన ఉండాలి. పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు లోపు 150 ఆంపుల ప్రధాన ఫ్యూజు. ఇక్కడ చవక రకం పెట్టొద్దు. ఎల్ఎఫ్‌పీ షార్ట్ అయితే ఒక్క క్షణంలో వేల ఆంపులు వస్తాయి. మామూలు ఫ్యూజు లోపల తీగ కరిగినా ఆ సందులో మంట అలాగే నిలిచి కరెంటు పారుతూనే ఉంటుంది. క్లాస్ టీ ఫ్యూజు 20,000 ఆంపుల దాకా తెంచగలదు. టెర్మినల్ మీదే బిగించే ఎంఆర్‌బీఎఫ్ రకం 10,000 దాకా, మీ ఒక్క బ్యాటరీకి అదీ చాలు. ఎంత తెంచగలదో అంకె ముద్రించని ఫ్యూజు కొనకండి. కారు స్టీరియో దుకాణాల్లో మెరుస్తూ దొరికేవి ఎక్కువగా ఆ బాపతే.

ఆ తర్వాత ఇన్వర్టర్‌కి 125 ఆంపుల ఫ్యూజు, డీసీ–డీసీ చార్జర్‌కి బండి బ్యాటరీ వైపు 60, మీ బ్యాటరీ వైపు 40. రెండు కొసల్లోనూ బ్యాటరీ ఉన్న వైరుకి రెండు కొసల్లోనూ ఫ్యూజు ఉండాలి, ఏ వైపు నుంచైనా మంట రావచ్చు కదా. ఎంపీపీటీ నుంచి బ్యాటరీకి 40, వైరు 10 స్క్వేర్ ఎంఎం. ఫ్రిజ్‌కి 15, పంపు, యూఎస్‌బీలకు 10 చొప్పున, లైట్లు, ఫ్యాన్లకు 5 చొప్పున బ్లేడు ఫ్యూజులు ఒక పెట్టెలో. ప్యానెళ్లను విడదీయడానికి రెండు పోళ్ల డీసీ ఎంసీబీ (రెండు వైర్లనూ ఒకేసారి తెంచేది) పెట్టండి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ పనికిరాదు. ఏసీ కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది, డీసీకి ఆ వెసులుబాటు లేదు. కొన్ని డీసీ ఎంసీబీలకు ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి, తిరగేసి బిగిస్తే లోపలే కాలుతుంది.

ఎల్ఎఫ్‌పీలో ఎంత మిగిలిందో వోల్టేజ్ చూసి చెప్పలేం. 80 శాతం దగ్గరా, 40 శాతం దగ్గరా రీడింగు దాదాపు ఒకటే, 13 పైచిలుకు. షంట్ (తన గుండా పోయే కరెంటును కొలిచే లోహపు ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టుకోండి. బ్యాటరీ నెగెటివ్ మీద షంట్ ఒక్కటే ఉండాలి, మిగతా నెగెటివ్‌లన్నీ షంట్ అవతలి కొసకే. ఇన్వర్టర్ లేదా సోలార్ నెగెటివ్‌ని తొందరలో నేరుగా బ్యాటరీకి కలిపేస్తే ఆ కరెంటు లెక్కలోకి రాదు, వారం తిరిగేసరికి మానిటర్ 90 శాతం చూపిస్తుండగా లైట్లు ఆరిపోతాయి.

ఇన్వర్టర్ మీకు 1000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ చాలు, నిండు లోడు మీద 90–95 ఆంపులు లాగుతుంది. మిక్సీ మోటారు స్టార్టింగ్‌లో రెండు మూడు రెట్లు అడుగుతుంది, అందుకే క్షణకాలం 2000 ఇవ్వగలిగేది చూడండి. ఇంటి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ తెస్తే మిక్సీ గీ పెడుతూ వేడెక్కుతుంది. అన్నింటికన్నా ముఖ్యం, పని లేనప్పుడు ఆపెయ్యండి. ఖాళీగా ఉన్నా 10 వాట్లు తాగే ఇన్వర్టర్ రోజుకు 240 మింగుతుంది, ఒక ఫ్యాను తిరిగేదానికన్నా ఎక్కువ. ల్యాప్‌టాప్‌లకు 12 వోల్టుల మీద నేరుగా నడిచే యూఎస్‌బీ–సీ చార్జర్ తీసుకుంటే ఇన్వర్టర్ మిక్సీ వేళకి తప్ప అక్కర్లేదు.

బయటి 230 వోల్టులు తీసుకునే ప్లగ్గు కావాలంటే, 14.4 వోల్టులు 20 ఆంపులు ఇచ్చే ఎల్ఎఫ్‌పీ చార్జర్ గోడ వైపు నుంచి లాగేది ఒకటిన్నర ఆంపులే. దాబాలోని మామూలు 6 ఆంపుల సాకెట్ చాలు. కానీ ఆ సాకెట్‌లో ఫేజూ న్యూట్రలూ తారుమారై ఉండొచ్చు, ఎర్త్ పిన్ను ఉన్నా దాని వెనక వైరు ఉండకపోవచ్చు. కాబట్టి వ్యానులోకి రాగానే 30 మిల్లీ ఆంపుల రెండు పోళ్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే క్షణంలో తెంచే స్విచ్), దాని వెంటనే రెండు పోళ్ల ఎంసీబీ. ఎర్త్ వైరును ఛాసిస్‌కి బోల్టు చెయ్యండి. ఎర్త్ లేని సాకెట్ దొరికితే రబ్బరు టైర్ల మీద నిలబడ్డ వ్యాను బాడీకి కరెంటు వచ్చినా పోయే దారి ఉండదు. కింద నిలబడి తలుపు పట్టుకునే మనిషే ఆ దారి. అప్పుడు ప్రాణానికి అడ్డు ఆర్‌సీసీబీ ఒక్కటే, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. పది రూపాయల నియాన్ టెస్టర్ కన్నా మూడు లైట్ల సాకెట్ టెస్టర్ ఒకటి బండిలో ఉంచుకోవడం మేలు.

ఇన్వర్టర్ అవుట్‌పుట్‌నీ బయటి కరెంటునీ ఒకే సాకెట్లకు నేరుగా కలపొద్దు, చేంజోవర్ స్విచ్ ఉండాలి. రెండూ ఎదురెదురు పడితే ఇన్వర్టర్ పేలుతుంది. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఆర్‌సీసీబీ పనిచెయ్యాలంటే ఇన్వర్టర్ దగ్గర న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉండాలి. చవక ఇన్వర్టర్లలో కొన్నింటి రెండు వైర్లలోనూ 115 చొప్పున వోల్టేజ్ ఉంటుంది, వాటిని అలా కలిపితే అక్కడికక్కడే కాలిపోతాయి. మాన్యువల్‌లో ఈ విషయం స్పష్టంగా లేని ఇన్వర్టర్ కొనకపోవడమే తేలిక. 230 వోల్టుల భాగం ఒక్కటీ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కి అప్పగించండి, 12 వోల్టుల భాగం మీరు చేసుకోవచ్చు.

కరెంటు ఎక్కించే రోజున ఫ్యూజులన్నీ తీసి ఉంచండి. మల్టీమీటర్‌తో పాజిటివ్, నెగెటివ్ బస్‌బార్ల మధ్య షార్ట్ లేదని చూడండి. ఆ తర్వాతే బ్యాటరీ కలిపి, ప్రధాన ఫ్యూజు పెట్టి, ఒక్కో ఫ్యూజు పెడుతూ ఆ లోడు దగ్గర ప్లస్, మైనస్ సరిగా ఉన్నాయో కొలవండి. ఎంపీపీటీకి ముందు బ్యాటరీ, ఆ తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. తిరగేస్తే కొన్ని కంట్రోలర్లు పాడవుతాయి. ఇన్వర్టర్ మొదటిసారి కలిపేటప్పుడు లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండి టెర్మినల్ దగ్గర పెద్ద నిప్పురవ్వ వస్తుంది, బీఎంఎస్ కూడా షార్ట్ అనుకుని కట్ కావచ్చు. 25–50 ఓమ్‌ల రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు ఆనించి, ఆ తర్వాత కేబుల్ బిగించండి. చేతి ఉంగరం, కడియం తీసెయ్యండి. స్పానరుకు టేపు చుట్టండి.

అంతా నడిచాక ఇన్వర్టర్ మీద 800 వాట్ల లోడు, ఒక ఎలక్ట్రిక్ కెటిల్ లాంటిది, పెట్టి ఇరవై నిమిషాలు వదలండి. నీళ్లు మరిగితే చల్లవి పోసుకుంటూ ఉండండి. ఆ తర్వాత ప్రతి లగ్గునూ, ఫ్యూజునూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. పక్కవాటి కన్నా 15–20 డిగ్రీలు ఎక్కువ చూపే జాయింటు తప్పు చేసిన జాయింటే, విప్పి మళ్లీ చెయ్యండి. 500 కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ ఒకసారి బిగించి, ఇదే పరీక్ష మళ్లీ చెయ్యండి, రోడ్డు వణుకుడుకి మొదటి నెలలోనే ఎక్కువ వదులవుతాయి.

రూఫు మీద పట్టాలు, లోపల సీట్ల తొలగింపు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వచ్చే మార్పులు. ఆర్‌టీఓ అనుమతి, ఆర్‌సీలో నమోదు పని మొదలుపెట్టక ముందే చూసుకోండి. ఫ్యాక్టరీ వైరింగ్‌లో ఒక్క వైరు కూడా కోయకండి. ఇగ్నిషన్ సిగ్నల్ ఫ్యూజు పెట్టెలోంచి ఫ్యూజ్ ట్యాప్‌తో తీసుకుంటే, రేపు సర్వీసుకి వెళ్లినప్పుడు దాన్ని ఊడదీసి పాత ఫ్యూజు పెట్టెయ్యొచ్చు. బండిలో ప్రతి సైజు బ్లేడు ఫ్యూజులు ఐదేసి, ప్రధాన ఫ్యూజు ఒకటి అదనంగా ఉంచుకోండి. క్లాస్ టీ ఫ్యూజు లంబసింగి దారిలో ఏ దుకాణంలోనూ దొరకదు.